బిళ్ళ ఊడిన పాత సైకిల్ ఏ కంపెనీది? ఫ్రేము ఇచ్చే సాక్ష్యం, దాని హద్దులు

ఒకప్పుడు పాత ఇనుప సామాన్ల కింద తూకానికి పోయిన నల్లని సైకిళ్ళకు ఇప్పుడు మళ్ళీ గిరాకీ వచ్చింది. వరంగల్, హనుమకొండ పాత ఇళ్ళ పెరళ్ళలోనూ, జనగామ, జగిత్యాల వైపు ఊళ్ళలో పశువుల కొట్టాల్లోనూ మూలకు చేరిన రాడ్ బ్రేకుల సైకిళ్ళను కొందరు ముచ్చటపడి కొని బాగుచేయించుకుంటున్నారు. మరికొందరు హోటళ్ళ ముందు అలంకారంగా నిలబెడుతున్నారు. గిరాకీతోపాటు తగువు కూడా మొదలైంది. అమ్మే మనిషి అది ఇంగ్లండు నుంచి వచ్చిన రాలీ అంటాడు. మెకానిక్కు పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రాన్ని, అంటే చైన్‌వీల్‌ను, చూసి బీఎస్‌ఏ అంటాడు. ఇంటి పెద్దాయన తమ తండ్రి కొన్నది హింద్ సైకిల్ అని గట్టిగా చెబుతాడు. ముందు కంపెనీ పేరున్న బిళ్ళ ఊడిపోయి, రంగు రెండు మూడుసార్లు మారి, చక్రాలు, హ్యాండిల్, సీటు ఏనాడో వేరే సైకిళ్ళవి పడిన ఫ్రేము విషయంలో ఈ ముగ్గురి మాటల్లోనూ ఎంతో కొంత నిజం ఉండడానికి అవకాశం ఉంది. అసలు 'తయారీదారు ఎవరు' అన్న ప్రశ్నలోనే నాలుగు వేరువేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఒక ఫ్రేము వెనుక నలుగురు

పాత సైకిల్ ఫ్రేము ఉక్కు పైపులతో తయారవుతుంది. రెండు పైపులు కలిసే చోట ఒక ఇనుప తొడుగు ఉంటుంది. దాన్ని లగ్గు అంటారు. పైపును లగ్గులో దూర్చి, ఎర్రగా కాల్చి, సందులోకి కరిగిన ఇత్తడిని పారించి అతకడాన్ని బ్రేజింగ్ అంటారు. పెడళ్ళ ఇరుసు తిరిగే అడ్డపు గొట్టాన్ని బాటమ్ బ్రాకెట్ అనీ, హ్యాండిల్, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు తిరిగే ముందరి పొట్టి గొట్టాన్ని హెడ్ ట్యూబ్ అనీ, సీటు కింద నిలువుగా దిగే గొట్టాన్ని సీట్ ట్యూబ్ అనీ వ్యవహరిస్తారు. ఈ వ్యాసంలో మళ్ళీ మళ్ళీ వచ్చే మాటలు ఇవే.

పైపులు లాగిన కంపెనీ ఒకటి కావచ్చు, లగ్గులు పోతపోసిన కంపెనీ మరొకటి కావచ్చు. వాటిని కొని అతికిన కర్మాగారం మూడవది. అతికిన ఫ్రేము మీద తన పేరు వేసి అమ్మిన సంస్థ నాలుగవది. పెద్ద కంపెనీల్లో ఈ నాలుగు పనులూ చాలావరకు ఒకే కప్పు కింద జరిగేవి. చిన్న కంపెనీల్లో ఒక్కొక్కటి ఒక్కో ఊళ్ళో జరిగేది. బర్మింగ్‌హామ్‌లోని రేనాల్డ్స్ సంస్థ 1935లో విడుదల చేసిన 531 రకం పైపులు ఇందుకు మంచి ఉదాహరణ. ఆ 531 గుర్తు ఉన్న ఫ్రేములు లెక్కలేనన్ని కంపెనీల పేర్ల మీద అమ్ముడయ్యాయి. ఆ గుర్తు పైపు ఎవరిదో చెబుతుంది తప్ప ఫ్రేము అతికిన చేయి ఎవరిదో చెప్పదు. మన దేశంలోనూ 1950ల మధ్యలో మద్రాసు దగ్గర ఆవడిలో ట్యూబ్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా మొదలైన తరువాత, స్వదేశీ పైపు ఒక చోట, ఫ్రేము మరో చోట తయారు కావడం మామూలు విషయమైంది.

కాబట్టి ఏ ఆనవాలు దొరికినా మొదట తేల్చుకోవలసింది అది ఈ నలుగురిలో ఎవరిని గురించి సాక్ష్యం ఇస్తున్నదీ అన్నది. సగం తగువులు ఒకరి సాక్ష్యాన్ని మరొకరికి అంటగట్టడం వల్ల పుట్టేవే.

మన ప్రాంతానికి సైకిళ్ళు వచ్చిన దారులు

వరంగల్ ప్రాంతంలో దొరికే పాత ఫ్రేమును అర్థం చేసుకోవడానికి ఇక్కడికి సైకిళ్ళు ఎక్కడెక్కడి నుంచి వచ్చాయో తెలియాలి. స్వాతంత్ర్యానికి ముందు ఉపఖండంలో తిరిగిన సైకిళ్ళలో ఎక్కువ భాగం ఇంగ్లండువి. నాటింగ్‌హామ్‌లోని రాలీ, బర్మింగ్‌హామ్‌లోని హెర్క్యులస్, బీఎస్‌ఏ, దాని పొరుగున స్మెథిక్‌లోని ఫిలిప్స్ వాటిలో పేరున్నవి. జర్మనీ, జపాన్ సరుకు కూడా కొంత వచ్చేది. రేవుల్లో దిగిన పెట్టెలు నిజాం రాష్ట్ర రైల్వే మీదుగా లోపలి పట్టణాలకు చేరేవి. హైదరాబాదు సంస్థానానికి కరోడ్‌గిరీ పేరుతో సొంత సుంకాల శాఖ ఉండేది. 1934లో వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు రావడం, ఉత్తరాన సింగరేణి గనులు విస్తరించడం, కాజీపేట పెద్ద రైల్వే జంక్షనుగా ఎదగడం వల్ల షిఫ్టులకు వెళ్ళే కార్మికులు, ఉద్యోగులు పెరిగారు. సైకిల్ వాడకం కూడా వారితోపాటే పెరిగింది.

స్వదేశీ తయారీ 1930ల చివరలో బొంబాయిలో హింద్ సైకిల్స్ వంటి సంస్థలతో ఊపందుకుంది. స్వాతంత్ర్యం తరువాత దిగుమతుల మీద కట్టుబాట్లు పెరగడంతో ఇంగ్లీషు కంపెనీలే ఇక్కడి సంస్థలతో చేతులు కలిపాయి. పశ్చిమ బెంగాల్‌లోని ఆసన్‌సోల్ దగ్గర సేన్-రాలీ కర్మాగారం 1950ల తొలినాళ్ళలో ఉత్పత్తి ప్రారంభించి రాలీ, హంబర్, రాబిన్‌హుడ్ పేర్లతో సైకిళ్ళు చేసింది. మద్రాసు శివారు అంబత్తూరులో 1949లో ఏర్పడిన టీఐ సైకిల్స్ మొదట హెర్క్యులస్, తరువాత ఫిలిప్స్, బీఎస్‌ఏ పేర్లతో చేసింది. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో వచ్చాయి. లుధియానా చుట్టూ విడిభాగాల చిన్న కర్మాగారాలు వందల్లో పుట్టుకొచ్చాయి. అక్కడి నుంచి ఫ్రేము ఒకరిది, ఫోర్కు ఒకరిది, చక్రం నడుమ ఉండే హబ్బు ఒకరిది తెప్పించుకుని ఊళ్ళోనే సైకిల్ బిగించి అమ్మే దుకాణాలు ప్రతి పట్టణంలోనూ వెలిశాయి.

ఈ చరిత్రలో మన ప్రశ్నకు ముఖ్యమైనది ఒక్కటే: ఒకే పేరు రెండు మూడు దేశాల కర్మాగారాల్లో నడిచింది, ఒకే కర్మాగారం అయిదారు పేర్లు నడిపింది. 1957లో బీఎస్‌ఏ తన సైకిల్ వ్యాపారాన్ని రాలీకి అమ్మింది. హెర్క్యులస్‌ను 1946లో కొన్న ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ సంస్థ 1960లో రాలీతో ఒకటైంది. అంటే 1930లలో ఒకరికొకరు బద్ధవిరోధులుగా ఉన్న పేర్లు 1960లకు వచ్చేసరికి ఒకే యజమాని చేతిలో చేరాయి. అందువల్ల పేరు తెలిసినంత మాత్రాన తయారైన చోటు తెలిసినట్లు కాదు. కాలం కూడా తెలియాలి.

ముందు కనిపించేవే ముందు మారతాయి

హెడ్ ట్యూబ్ మీద రెండు రివెట్లతో బిగించిన ఇత్తడి బిళ్ళను చూసి నిర్ణయానికి రావడం అందరికీ అలవాటు. బిళ్ళ అసలుదైతే, అది ఈ ఫ్రేముదే అయితే, అంతకంటే తేలికైన ఆధారం లేదు. అయితే పాత బిళ్ళలు విడిగా అమ్ముతారు. కొత్తగా అచ్చుకొట్టినవి కూడా దొరుకుతున్నాయి. రెండు రివెట్లు కొట్టడానికి అయిదు నిమిషాలు చాలు.

బిళ్ళ లేనిచోట దాని నీడ మిగలవచ్చు. బిళ్ళ కింద ఎండ తగలని రంగు, దాని అంచు వెంట పేరుకున్న తుప్పు, కొన్నిసార్లు ఆకారాన్ని స్పష్టంగానే చూపుతాయి. అంతకన్నా నమ్మదగినవి రివెట్ల రంధ్రాలు. అవి నిలువుగా ఒకదాని కింద ఒకటి ఉన్నాయా, అడ్డంగా పక్కపక్కన ఉన్నాయా, వాటి మధ్య ఎన్ని మిల్లీమీటర్ల దూరం ఉందన్నది కంపెనీని బట్టి మారుతుంది. కాబట్టి దొరికిన బిళ్ళ రంధ్రాలు ఫ్రేము రంధ్రాలతో కలవకపోతే ఆ బిళ్ళ ఆ ఫ్రేముది కాదని దాదాపు తీర్మానించవచ్చు. కలిసినంత మాత్రాన ఆ బిళ్ళ దానిదేనని తీర్మానించడానికి మాత్రం వీలు లేదు, ఎందుకంటే ఒకే దూరాన్ని వాడిన కంపెనీలు అనేకం. ఈ తేడా చిన్నదిగా కనిపించినా ఫ్రేము పరిశీలన అంతటికీ ఇదే మూలం: చాలా ఆనవాళ్ళు ఒక పేరును కొట్టివేయడానికి పనికొస్తాయి, ఒక పేరును ఖాయం చేయడానికి పనికిరావు.

పైరంగు విషయం ఇంకా బలహీనం. నలుపు రంగు, బంగారు గీతలు ఆ కాలపు కంపెనీలన్నిటికీ ఉమ్మడి. మెరుగు పూత మాత్రం కాలం గురించి కొంత చెబుతుంది. 1930కి అటూ ఇటూగా క్రోమియం పూత వాడుకలోకి వచ్చింది; అంతకుముందు నికెల్ పూత ఉండేది. నికెల్‌లో లేత పసుపు ఛాయ ఉంటుంది, క్రోమియంలో నీలపు మెరుపు ఉంటుంది. హ్యాండిల్ మీద నికెల్ కనిపిస్తే ఆ హ్యాండిల్ పాతదని అనుకోవచ్చు. ఫ్రేము పాతదని అనుకోవడానికి ఆ హ్యాండిల్ దానితో పుట్టినదేనని వేరే రుజువు కావాలి.

చైన్‌వీళ్ళలోని బొమ్మలు చూడముచ్చటైనవి. రాలీ చైన్‌వీల్‌లో కొంగ తలలు, రడ్జ్‌లో చాచిన అరచేయి, హంబర్‌లో వరుసగా మనుషుల బొమ్మలు కోసి ఉంటాయి. నా దృష్టిలో మన దగ్గర ఎక్కువ మందిని పక్కదారి పట్టించేవి కూడా ఇవే. చైన్‌వీల్ పళ్ళు అరిగిపోయే వస్తువు. బిగింపు మేకైన కాటర్ పిన్ను కొట్టి, పెడలు ఉండే కాడతో, అంటే క్రాంకుతో సహా మార్చడం సైకిల్ షాపు రోజువారీ పని. పైగా పేరుపొందిన బొమ్మలను అనుకరించిన విడిభాగాలూ బజారులో ఉండేవి.

మూడు తుపాకుల గుర్తు మీద నాలుగు జవాబులు

బీఎస్‌ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. మొదట అది తుపాకుల కర్మాగారం. మూడు తుపాకులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన గుర్తు దాని వ్యాపార చిహ్నం. మన మెకానిక్కులకు ఇది బాగా తెలిసిన గుర్తు కావడంతో, అది ఎక్కడ కనిపించినా సైకిల్ మొత్తాన్ని బీఎస్‌ఏకు రాసివేస్తారు. నిజానికి ఈ ఒక్క గుర్తుకు కనీసం నాలుగు అర్థాలు సాధ్యం.

మొదటిది, సైకిల్ మొత్తం బర్మింగ్‌హామ్ బీఎస్‌ఏ కర్మాగారంలో 1957కు ముందు తయారై ఉండవచ్చు. రెండవది, బీఎస్‌ఏ తాను సైకిళ్ళు చేయడమే కాక లగ్గులు, బాటమ్ బ్రాకెట్లు, హబ్బులు, క్రాంకులు వంటి భాగాలను ఇతర కంపెనీలకు భారీగా అమ్మేది. ఆ భాగాలతో ఎవరో చిన్న కంపెనీ సైకిల్ కట్టి ఉండవచ్చు. అప్పుడు ఆ గుర్తు నిజమైనదే, ఫ్రేము మాత్రం బీఎస్‌ఏ అతికినది కాదు. మూడవది, 1957 తరువాత రాలీ యాజమాన్యం కింద ఆ పేరుతో వచ్చినది కావచ్చు. నాలుగవది, అంబత్తూరులో టీఐ సైకిల్స్ చేసిన బీఎస్‌ఏ కావచ్చు. మన ప్రాంతంలో లెక్కకు ఎక్కువగా ఉండగలిగినది ఇదే. గుర్తు ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యం. క్రాంకు మీద ఉంటే దాని విలువ తక్కువ, ఎందుకంటే క్రాంకు మారుతుంది. బాటమ్ బ్రాకెట్ గొట్టం మీద పోతలోనే ఉంటే అది ఫ్రేముతో పుట్టినదే, కాబట్టి మొదటి రెండు అర్థాలకూ బలం వస్తుంది. వాటిలో ఏదన్నది అప్పటికీ తేలదు.

విప్పడానికి వీలులేని భాగాలు

ఒక ఆనవాలును మార్చడం ఎంత కష్టమో, దాని సాక్ష్యం అంత గట్టిది. స్పానరుతో విప్పగలిగినవన్నీ అనుమానించదగ్గవే. ఇత్తడితో అతికినవి, పైపులో కోసినవి మాత్రం ఫ్రేము పుట్టుకతో వచ్చినవి. అందుకే బాటమ్ బ్రాకెట్ లోపలి మరలు (స్క్రూ గాడులు), పైపుల వ్యాసం, లగ్గుల తీరు అన్నిటికంటే నమ్మదగినవిగా పరిగణించబడతాయి.

మరల సంగతి కొంచెం నిదానంగా చూడాలి. బాటమ్ బ్రాకెట్ గొట్టానికి రెండు వైపులా బేరింగు కప్పులు మరలతో బిగుస్తాయి. ఇంగ్లండులో ఎక్కువ కంపెనీలు అంగుళానికి 24 మరలు వాడాయి. దీన్ని బీఎస్‌ఏ ప్రమాణమని కూడా అంటారు. రాలీ మాత్రం తన సాధారణ సైకిళ్ళలో అంగుళానికి 26 మరల సొంత ప్రమాణాన్ని దశాబ్దాల పాటు పట్టుకుని ఉంది. హెడ్ ట్యూబ్ దగ్గరి మరల్లోనూ అదే పద్ధతి. ఫ్రెంచి ఫ్రేముల్లో మరకూ మరకూ మధ్య దూరం సరిగ్గా ఒక మిల్లీమీటరు. గొలుసు వైపు కప్పు ఇంగ్లీషు పద్ధతిలో ఎడమ మరతో, అంటే వ్యతిరేక దిశలో బిగుస్తుంది. ఫ్రెంచి, ఇటాలియన్ పద్ధతుల్లో రెండు వైపులా కుడి మరే. ఇటాలియన్ గొట్టం వెడల్పు 70 మిల్లీమీటర్లు, సాధారణ ఇంగ్లీషు గొట్టానిది 68.

24కూ 26కూ తేడా కంటికి ఆనుతుందా అన్న అనుమానం సహజం. లెక్క వేసి చూద్దాం. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు. 24 మరలున్నచోట ఒక్కో మరకు 1.058 మిల్లీమీటర్లు వస్తుంది, కనుక పది మరల పొడవు 10.58 మిల్లీమీటర్లు. 26 మరలున్నచోట పది మరలకు 9.77 మిల్లీమీటర్లు. ఫ్రెంచి పద్ధతిలో సరిగ్గా 10. ఇంగ్లీషు పద్ధతులు రెండింటి మధ్య తేడా 0.8 మిల్లీమీటర్లు, విప్పిన కప్పు శుభ్రంగా ఉంటే వెర్నియరు కొలబద్దతో కొలిచినప్పుడు తప్పిపోయేంత చిన్నది కాదు. రాలీకీ ఫ్రెంచికీ మధ్య తేడా 0.23 మాత్రమే, అక్కడ మరల దువ్వెన, అంటే థ్రెడ్ గేజి లేకుండా తీర్పు చెప్పడం సాహసం. మరో జాగ్రత్త: కప్పు మరలు చూస్తే చాలదు, గొట్టం మరలు చూడాలి. పాడైన గొట్టంలోకి వేరే రకం కప్పును బలవంతంగా ఎక్కించిన సందర్భాలు షాపుల్లో కొత్తవేమీ కావు.

26 మరలు కనిపించినప్పుడు చెప్పగలిగేది ఆ ఫ్రేము రాలీ పద్ధతిని అనుసరించినదని. రాలీ 1932లో హంబర్ సైకిళ్ళనూ, 1943లో రడ్జ్‌నూ తనలో కలుపుకున్నది కనుక ఆ పేర్లకూ ఇది వర్తిస్తుంది. అతికింది నాటింగ్‌హామ్‌లోనా, లైసెన్సు మీద మరెక్కడైనానా, లేక రాలీ కొలతలను అనుసరించిన ఇంకెవరైనానా అన్నది మరలు చెప్పవు.

పైపు వ్యాసానికీ ఇదే తీరు. ఇంగ్లీషు సీట్ ట్యూబ్ సాధారణంగా అంగుళం మీద ఎనిమిదో వంతు, మిల్లీమీటర్లలో 28.6. ఫ్రెంచిది 28. దారం చుట్టి కొలిస్తే మొదటిదాని చుట్టుకొలత సుమారు 89.8, రెండవదానిది సుమారు 88. కానీ మూడుసార్లు రంగు పూసిన పైపు మీద పూత మందం 0.2 మిల్లీమీటర్లు ఉందనుకుంటే వ్యాసానికి 0.4 కలుస్తుంది, 28 కాస్తా 28.4 అయి ఇంగ్లీషు పైపు కొలతకు దగ్గరపడుతుంది. రంగు గీకిన చోట కొలవని కొలతకు అందుకే విలువ లేదు.

లగ్గుల్లో రెండు రకాలున్నాయి. పోతపోసిన లగ్గు మందంగా ఉండి లోపల పోత గరుకు కనిపిస్తుంది. రేకును అచ్చులో నొక్కి చేసిన లగ్గు పలుచగా, అంచు సమానంగా ఉంటుంది. తమది పూర్తిగా ఉక్కు సైకిల్ అని ప్రచారం చేసుకున్న రాలీ రేకు లగ్గులకు పేరుపడింది. హంబర్ పెద్దరకం సైకిళ్ళ ఫోర్కుకు ఒక్కో వైపు రెండేసి సన్నని పైపులు ఉంటాయి. మొత్తం నాలుగు కాళ్ళ ఆ ఫోర్కు దూరం నుంచే తెలిసిపోతుంది. రాలీ ఫోర్కు భుజాలు గుండ్రని మూతలు పెట్టినట్లు ఉంటాయి. ఫోర్కు అతికిన భాగమే అయినా ఫ్రేము నుంచి విడిగా ఊడివస్తుందన్న సంగతి మరువకూడదు. లారీ గుద్దినా, గోతిలో పడినా మొదట వంగేది ఫోర్కే, మొదట మారేదీ అదే.

నంబరు చెప్పేది, చెప్పనిది

ఫ్రేము నంబరు దొరికితే సంగతి తేలిపోయినట్లేనని చాలామంది నమ్మకం. మోటారు వాహనాల చాసిస్ నంబరుతో పోల్చుకోవడం వల్ల ఈ నమ్మకం వచ్చింది. వాహనాల నంబరుకు అధికారిక రిజిస్టరు ఉంటుంది. సైకిల్ నంబరు కంపెనీ తన సౌకర్యం కోసం కొట్టుకున్నది. సీట్ ట్యూబ్ పైభాగాన, సీటు లగ్గు మీద, బాటమ్ బ్రాకెట్ అడుగున, లేదా వెనుక చక్రం ఇరుసు కూర్చునే పలకల మీద అది ఉండవచ్చు. ఎక్కడ ఉందన్నదే ఒక చిన్న ఆనవాలు, ఎందుకంటే ఒక్కో కంపెనీకి ఒక్కో కాలంలో ఒక్కో అలవాటు ఉండేది.

అంకెలను సంవత్సరంగా మార్చడానికి కంపెనీ రికార్డులు కావాలి. చాలా కంపెనీలవి మిగలలేదు. రాలీ రికార్డులు కొన్ని నాటింగ్‌హామ్‌షైర్ ప్రభుత్వ పత్రాగారంలో ఉన్నాయి. అయినా రాలీ నంబర్ల వరుస మధ్యలో మళ్ళీ మొదటి నుంచి మొదలవడం, అక్షరాలు చేరడం వల్ల ఒకే అంకె రెండు మూడు కాలాలకు సరిపోతుంది. ఇంగ్లండులో 1955లో మొదలైన వెటరన్ సైకిల్ క్లబ్బులో ఒక్కో కంపెనీని పట్టుకుని అధ్యయనం చేసేవారు ఉన్నారు. వారు కూడా నంబరు ఒక్కటి చూసి చెప్పరు, ఫ్రేము ఫొటోలు అడుగుతారు.

మన దగ్గర ఇంకొక మెలిక ఉంది. సైకిల్ టాక్సీలు, అంటే గంటకింత అని అద్దెకిచ్చే షాపులు, తమ సైకిళ్ళకు సొంత నంబర్లు వేసుకునేవి. మడ్‌గార్డు మీద రంగుతో రాయడమే కాక, దొంగతనాల భయంతో ఫ్రేము మీద పంచు కొట్టించిన యజమానులూ ఉన్నారు. ఒకటి రెండు అంకెలే ఉండి, వంకరగా, లోతు సమానంగా లేకుండా ఉంటే అది కర్మాగారపు నంబరు కాదేమోనని అనుమానించాలి. మున్సిపాలిటీలు సైకిల్ పన్ను వసూలు చేసి ఇచ్చిన రేకు బిళ్ళల మీది అంకెలు కూడా తయారీకి సంబంధించినవి కావు; ఆ ఏడు ఆ సైకిల్ ఆ పట్టణంలో ఉందని మాత్రమే అవి చెబుతాయి.

తేదీ సూటిగా దొరికే భాగం ఒకటుంది. స్టర్మీ-ఆర్చర్ కంపెనీ మూడు గేర్ల హబ్బుల మీద సంవత్సరం, నెల కొట్టేది. ఏడబ్ల్యూ అన్న అక్షరాల పక్కన 58, 3 అని ఉంటే అది 1958 మార్చిలో తయారైన హబ్బు. గేరు హబ్బులు మన ప్రాంతంలో అరుదు. పైగా ఆ తేదీ హబ్బుది, చక్రం ఎన్నిసార్లు మారిందో దానికి తెలియదు.

ట్రంకు పెట్టెలోని రసీదు

పాత కుటుంబాల్లో అప్పుడప్పుడు సైకిల్ కొన్న రసీదు దొరుకుతుంది. సంస్థాన కాలపు రసీదైతే అది ఉర్దూలో ఉండి, తేదీ ఫస్లీ సంవత్సరంలో ఉండవచ్చు. హైదరాబాదు సంస్థానంలో ఫస్లీ సంవత్సరం అక్టోబరు మొదటివారంలో, ఆజుర్ నెలతో ప్రారంభమయ్యేది. ఫస్లీ అంకెకు 590 కలిపితే ఆ ఏడు మొదలైన క్రీస్తుశకం వస్తుంది. జనవరి నుంచి వచ్చే నెలలకు 591 కలపాలి. ఉదాహరణకు రసీదు మీద 1349 ఫస్లీ, ఖుర్దాద్ నెల అని ఉందనుకుందాం. ఖుర్దాద్ ఏడవ నెల. ఏప్రిల్ మొదటివారంలో మొదలవుతుంది. కాబట్టి అది 1940 ఏప్రిల్ లేదా మే మొదట్లో జరిగిన కొనుగోలు. అందులో రాలీ అని ఉంటే, ఆసన్‌సోల్ కర్మాగారం అప్పటికి పుట్టలేదు కనుక, ఆ సైకిల్ ఇంగ్లండుదే అయి ఉండాలి. బిళ్ళ కంటే, చైన్‌వీల్ కంటే ఈ కాగితం బలమైనది.

ఒక్క షరతు మీద: కాగితంలోని సైకిలూ పెరట్లోని సైకిలూ ఒకటే కావాలి. రసీదులో ఫ్రేము నంబరు రాసి ఉంటే ఆ ముడి పడుతుంది. లేకపోతే, 1940లో తాత కొన్న రాలీని 1955లో అమ్మి నాన్న మరొకటి కొన్నాడేమో ఎవరు చెప్పగలరు?

ఆసన్‌సోల్ రాలీ రాలీయేనా?

సేకరణదారుల మధ్య అభిప్రాయభేదం ఉన్నది ఇక్కడే. ఇంగ్లండులో అతికిన ఫ్రేమునే అసలుదిగా లెక్కించాలని కొందరంటారు. ఉక్కు నాణ్యత, లగ్గుల పనితనం, పూత మన్నిక అక్కడి కర్మాగారానికి చెందినవనీ, పేరు అద్దెకు తీసుకున్నంత మాత్రాన ఆ పనితనం రాదనీ వారి వాదన. బజారులో ధర తేడా కూడా దీన్ని బట్టే ఉంటుంది. రెండో పక్షం వారు కంపెనీ తన యంత్రాలతో, తన నమూనాలతో, తన భాగస్వామ్యంతో నడిపిన కర్మాగారం కూడా ఆ కంపెనీదేనంటారు. పైగా తెలంగాణ పల్లెల్లో బడిపంతుళ్ళు, పోస్టుమన్లు, పాలవాళ్ళు తొక్కిన రాలీలలో స్వదేశీవే ఎక్కువ కావచ్చు కనుక, ఈ ప్రాంతపు చరిత్రకు అవే ముఖ్యమంటారు. ధరకు సంబంధించిన ప్రశ్నకు మొదటి వాదం, చరిత్రకు సంబంధించిన ప్రశ్నకు రెండో వాదం సరిపోతాయని నాకు అనిపిస్తుంది. రెండు పక్షాలకూ అభ్యంతరం ఉండవలసింది తయారైన చోటు తెలియకుండానే 'ఇంగ్లండు' అని రాసి అమ్మడం మీద.

రంగు వేయడం మీదా ఇలాంటి భేదమే ఉంది. తుప్పు ఆపకపోతే ఫ్రేమే మిగలదని ఒకరు, పాత రంగు కింది గీతలు, బిళ్ళ నీడ, చిన్న అంకెలు ఇసుక చిమ్మి రంగు తీసే సాండ్ బ్లాస్టింగుతో ఒక పూటలో మాయమవుతాయని మరొకరు అంటారు. ఇద్దరి మాటా నిజమే. అయితే రంగు ఎప్పుడైనా వేసుకోవచ్చు, చెరిగిన గీతను తిరిగి తేలేం. క్రమంలో ఫొటోలూ కొలతలూ ముందు రావడం అందుకే సబబుగా ఉంటుంది.

ఒక ఫ్రేమును చదివి చూస్తే

ఇవన్నీ కలిపి ఎలా పనిచేస్తాయో ఊహించిన ఒక ఉదాహరణతో చూద్దాం. వరంగల్ మట్టెవాడలో ఒక ఇంట్లో నల్లని ఫ్రేము ఉందనుకుందాం. బిళ్ళ లేదు, నిలువుగా రెండు రివెట్ల రంధ్రాలున్నాయి. చైన్‌వీల్ మీద కొంగ తలలున్నాయి. ఎడమ క్రాంకు మీద మూడు తుపాకుల గుర్తు ఉంది. హ్యాండిల్ అట్లాస్‌ది. సీట్ ట్యూబ్ పైన ఆరంకెల నంబరు, దాని కింద వంకరగా 17 అని మరో నంబరు ఉన్నాయి. విప్పి చూస్తే గొట్టంలో పది మరలు 9.8 మిల్లీమీటర్లు, గొలుసు వైపు ఎడమ మర. లగ్గులు రేకువి. ఫోర్కు కాళ్ళ చివర క్రోమియం పూత ఆనవాళ్ళు. రజాకార్ల కాలానికి ముందే కొన్నదని ఇంటివారి జ్ఞాపకం, దానికి కాగితం మాత్రం లేదు.

హ్యాండిల్, క్రాంకు విప్పగలిగేవి కనుక పక్కకు పోతాయి. వాటితోపాటు అట్లాస్, బీఎస్‌ఏ పేర్లూ బలం కోల్పోతాయి. 17 అన్నది సైకిల్ టాక్సీ నంబరు కావచ్చు. అదే నిజమైతే ఆ సైకిల్ కొంతకాలం అద్దెకు తిరిగి తరువాత ఈ ఇంటికి వచ్చి ఉండాలి, అప్పుడు కుటుంబ జ్ఞాపకంలోని కొనుగోలు కొత్త సైకిల్ కొనుగోలు కాకపోవచ్చు. ఎడమ మర, 9.8 కొలత ఫ్రెంచి పద్ధతిని తోసివేసి రాలీ పద్ధతిని నిలబెడతాయి. రేకు లగ్గులు దానికి తోడవుతాయి. కొంగ తలల చైన్‌వీల్ ఒంటరిగా ఉంటే లెక్కలోకి రాదు. మరలూ లగ్గులూ అదే వైపు చూపుతున్నాయి కనుక ఇప్పుడు కొంత విలువ సంపాదించుకుంది. క్రోమియం పూత ఫోర్కుది. ఫోర్కు అసలుదే అనుకుంటే 1930కి ముందటి కాలం కాదని తెలుస్తుంది.

అప్పుడు న్యాయంగా రాయగలిగినది ఇది: 'రాలీ పద్ధతి మరలు, రేకు లగ్గులు ఉన్న రోడ్‌స్టర్ ఫ్రేము, రాలీ వర్గపు కర్మాగారంలో తయారై ఉండే అవకాశం ఎక్కువ, నాటింగ్‌హామా, ఆసన్‌సోలా తేలలేదు, కొంతకాలం అద్దె సైకిల్‌గా ఉండి ఉండవచ్చు.' హెడ్ ట్యూబ్‌లోకి దూరే ఫోర్కు కాండాన్ని బయటికి లాగినప్పుడు దాని మీద కూడా సీట్ ట్యూబ్ మీది ఆరంకెలే కనిపిస్తే ఆ ఫోర్కు ఈ ఫ్రేముతో పుట్టినదేనని ఖాయమై, 1930 తరువాతిదన్న మాట మీద ఉన్న షరతు తొలగిపోతుంది. పాత రంగు పొరల కింద 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' అన్న అచ్చు ముక్క బయటపడితే నాటింగ్‌హామ్ పక్షాన మొగ్గు వస్తుంది. ఈ రెండూ దొరకనంతకాలం ఆ వాక్యంలోని 'తేలలేదు' అన్న మాటను తీసివేసే హక్కు కొనేవారికీ లేదు, అమ్మేవారికీ లేదు.